పెద్ద వీల్స్ కొందామని వెళ్లి లోడ్ ఇండెక్స్ దగ్గర ఆగిపోయా: 1987 క్యాంపర్ వ్యాన్‌కి టైర్లు ఎలా సెలెక్ట్ చేశానంటే

ఈసారి నా రివ్యూలో ప్రాసెసర్ లేదు, కెమెరా లేదు, బ్యాటరీ అసలే లేదు. నల్లగా, గుండ్రంగా ఉండే నాలుగు వస్తువులున్నాయి. అవే టైర్లు, వాటితో పాటు నాలుగు కొత్త రిమ్స్. ఫోన్ల సైట్‌లో ఇదేంటి అనుకోకండి. మనం ఫోన్ కొనేటప్పుడు చేసే తప్పే నేను ఇక్కడా చేయబోయా. అంటే, పెద్దగా కనిపించే నంబర్ చూసి పడిపోవడం. ఫోన్ విషయంలో ఆ తప్పుకి నష్టం ఏ పాతిక వేలో ఉంటుంది. ఇక్కడ మాత్రం వెనక సీట్లో మా అమ్మానాన్న కూర్చోబోతున్నారు.

మీరు రేపు మీ కారుకి అలాయ్ వీల్స్ అప్‌గ్రేడ్ చేయాలనుకున్నా ఇందులో చెప్పే లెక్కలన్నీ పనికొస్తాయి. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా.

ముందు బండి సంగతి

నేను అమెరికాలోని ఒరెగాన్‌లో, హిల్స్‌బరోలో ఉంటా. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. బీటెక్ సీఎస్‌ఈ, కాబట్టి మెకానికల్‌లో నా పరిజ్ఞానం సున్నా దగ్గర మొదలైంది. రెండేళ్ల క్రితం 1987 మోడల్ వోక్స్‌వ్యాగన్ వానగన్ కొన్నా. అందులోనూ వెస్ట్‌ఫాలియా వెర్షన్. అంటే పైకప్పు లేపితే పైన ఒక బెడ్, కింద సీటు మడిస్తే ఇంకో బెడ్, డ్రైవర్ వెనకాల స్టవ్, సింకు, ఫ్రిజ్. చక్రాల మీద చిన్న సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ అన్నమాట.

ఇంజిన్ వెనక ఉంటుంది. 2.1 లీటర్లు, 95 హార్స్‌పవర్. పోలిక కోసం చెప్తున్నా, 2021 మోడల్ మారుతి స్విఫ్ట్‌కి సుమారు 90 హార్స్‌పవర్, బరువు దాదాపు 900 కిలోలు. నా వ్యాన్‌ది దాదాపు అదే శక్తి, బరువేమో రెండున్నర రెట్లు. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

కంపెనీ నుంచి దీనికి 14 అంగుళాల వీల్స్ వచ్చాయి. నా బండికి ఉన్న టైర్ సైజు 185 ఆర్14సి.

మార్చాల్సిన అవసరం ఎందుకొచ్చింది

జూన్‌లో అమ్మానాన్న విజిటర్ వీసా మీద మొదటిసారి వస్తున్నారు. జులైలో వాళ్లని ఈ వ్యాన్‌లోనే క్రేటర్ లేక్ తీసుకెళ్లాలని ప్లాన్. ఏప్రిల్‌లో ఒక ఆదివారం బండి కడుగుతూ టైర్ల వైపు సరిగ్గా చూశా. అరుగుదల పెద్దగా లేదు, గాడులు లోతుగానే ఉన్నాయి. కానీ పక్క గోడ మీద సన్నటి నెర్రెలు, ఎండిన చెరువులో మట్టిలాగా.

టైర్ వయసు ఎలా తెలుసుకోవాలో వెతికితే చాలా సింపుల్. సైడ్‌వాల్ మీద డాట్ అని మొదలయ్యే ఒక కోడ్ ఉంటుంది. దాని చివరి నాలుగు అంకెలు చూడాలి. మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. నా టైర్ మీద 2311 అని ఉంది. అంటే 2011లో 23వ వారం. అప్పుడు నేను నరసరావుపేటలో హైస్కూల్ పిల్లాణ్ణి!

పదమూడేళ్ల టైర్లు. చాలా కార్ల కంపెనీలు ఆరేళ్లు దాటితే మార్చమంటాయి. టైర్ కంపెనీల్లో కూడా కొన్ని, పైకి ఎంత బాగున్నా పదేళ్లకి మించి వాడొద్దంటాయి. రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది. ఎండ, గాలిలోని ఓజోన్ దాన్ని గట్టిపరుస్తాయి. లోపల పొరలు ఒకదాన్నొకటి వదిలేయడం మొదలవుతుంది. హైవే మీద వేడెక్కినప్పుడు ట్రెడ్ మొత్తం ఊడి వచ్చేయొచ్చు.

సరే, అదే సైజు కొత్తవి కొందామని చూస్తే అసలు సమస్య మొదలైంది. ఇప్పుడొచ్చే వ్యాన్లన్నీ 15, 16, 17 అంగుళాల వీల్స్ వాడుతున్నాయి. 14 అంగుళాల్లో బరువు మోయగల వ్యాన్ టైర్లు తయారుచేసేవాళ్లు బాగా తగ్గిపోయారు. మా దగ్గర షాపులో ఒకే ఒక్క మోడల్ చూపించారు, అది కూడా స్టాక్ ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు. పాత ఛార్జర్ పిన్ను కోసం ఊరంతా తిరిగినట్టే ఉంది పరిస్థితి. కొత్త పోర్ట్‌కి మారితే పోతుంది కదా అనిపించింది. అంటే, పెద్ద వీల్స్.

17 అంగుళాల టెంప్టేషన్

సెకండ్ హ్యాండ్‌లో ఒక సెట్ దొరికింది. 17 అంగుళాల అలాయ్స్, టైర్లతో కలిపి 450 డాలర్లు. మెషిన్ ఫినిష్, ఐదు స్పోక్స్, ఫొటోలోనే మెరిసిపోతున్నాయి. టైర్ సైజు 225/50 ఆర్17. నేను వెంటనే పైథాన్‌లో పది లైన్ల స్క్రిప్ట్ రాసి వ్యాసం లెక్కేశా. ఫార్ములా ఇది: టైర్ వెడల్పుని ప్రొఫైల్ శాతంతో గుణించి, దాన్ని రెండింతలు చేసి, రిమ్ అంగుళాల్ని 25.4తో గుణించి కలపాలి. 225/50 ఆర్17కి 657 మిల్లీమీటర్లు వచ్చింది. పాత టైర్‌ది సుమారు 650. తేడా ఒక్క శాతమే. బోల్టుల కొలత కూడా మ్యాచ్. ఇంకేం, బయానా పంపించేద్దామని ఫోన్ తీశా.

అదే టైంకి నాన్న వీడియో కాల్. ఆయన ఆర్టీసీలో 27 ఏళ్లు డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. ఉత్సాహంగా ఫొటోలు చూపించా.

"నాన్నా, ఎట్లా ఉన్నాయ్ రిమ్స్?"

"బాగానే మెరుస్తన్నయ్ గానీ, లోడ్ ఎంత మోస్తయ్‌రా అవి?"

"లోడేంటి నాన్నా, మనమేమన్నా సరుకు వేస్తామా? మనమే కదా ఎక్కేది."

"మనం బరువు కాదేంట్రా? నువ్వే చెప్పావుగా, స్టవ్వు, ఫ్రిజ్జు, నీళ్ల ట్యాంకు, మంచాలు అన్నీ అందులోనే అని. ఎంత మోస్తదో టైర్ మీదే రాసుంటది. చూసి చెప్పు, తర్వాత డబ్బులిద్దువు గాని."

అమ్మకందారుకి మెసేజ్ పెట్టి సైడ్‌వాల్ క్లోజప్ ఫొటో అడిగా. అక్కడి నుంచి కథ మారిపోయింది.

సైడ్‌వాల్ అంటే టైర్ స్పెక్ షీట్

మనందరం సైజు దగ్గరే ఆగిపోతాం. సైజు తర్వాత చిన్న అక్షరాల్లో ఉండే నంబరే అసలైనది. ఉదాహరణకి 205/65 ఆర్15సి 102/100టి అని ఉందనుకోండి.

205 అంటే టైర్ వెడల్పు, మిల్లీమీటర్లలో.
65 అంటే పక్క గోడ ఎత్తు, వెడల్పులో ఎంత శాతమో.
ఆర్ అంటే రేడియల్, 15 అంటే రిమ్ అంగుళాలు.
సి అంటే కమర్షియల్. సరుకు వ్యాన్ల కోసం గట్టి పక్క గోడతో, ఎక్కువ గాలి పట్టేలా చేసిన టైర్.
102/100 అంటే లోడ్ ఇండెక్స్. ఇది కిలోలు కాదు, ఒక కోడ్. 102 అంటే ఒక్క టైర్ 850 కిలోలు మోయగలదు. రెండో నంబర్ 100 అంటే 800 కిలోలు, లారీ వెనకలాగా పక్కపక్కనే జంట టైర్లు వేసినప్పుడు ఒక్కోదానికి వర్తించేది. నాకు మొదటిదే కావాలి.
టి అంటే స్పీడ్ రేటింగ్, గంటకి 190 కిలోమీటర్లు.

ఇప్పుడు ఆ 17 అంగుళాల టైర్ ఫొటో వచ్చింది. 94వి. స్పీడ్ రేటింగ్ వి అంటే గంటకి 240 కిలోమీటర్లు. వెనక నుంచి తోసినా 130 దాటని నా వ్యాన్‌కి అది, సిగ్నలే రాని ఊళ్లో 5జీ ఫోన్ లాంటిది. లోడ్ ఇండెక్స్ 94 అంటే 670 కిలోలు. నాలుగు టైర్లకి 2,680 కిలోలు. బండి అంత బరువుండదు కదా, సరిపోతుందిలే అనుకున్నా. ఇక్కడే రెండు పొరపాట్లు చేశా.

ఒకటి, బండి బరువు నాలుగు టైర్ల మీద సమానంగా పడదు. ఇంజిన్ వెనక ఉంది.

రెండు, ప్యాసింజర్ కారు టైర్‌ని వ్యాన్, ట్రక్కు తరగతి బండికి వేస్తే, దాని లోడ్ రేటింగ్‌ని 1.10తో భాగించాలని అమెరికాలో రూల్ ఉంది. ఈ బండ్లు ఎక్కువసేపు నిండు లోడ్‌తో తిరుగుతాయి కాబట్టి ఆ మార్జిన్. అంటే 670 కాస్తా 609 అయింది.

ముందు బరువు తూచాం

మరి నా వ్యాన్ అసలు బరువెంత? ఊహించడం ఎందుకు, తూచేస్తే పోలా. ఇక్కడ హైవేల పక్కన లారీలు ఆగే స్టాపుల్లో వే బ్రిడ్జిలుంటాయి, కార్లు, వ్యాన్లు కూడా తూచుకోవచ్చు. మన దగ్గర ధర్మకాటా లాంటిదే. కాకపోతే ముందు యాక్సిల్, వెనక యాక్సిల్ విడివిడిగా చూపిస్తుంది.

ట్రిప్‌కి వెళ్లేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే లోడ్ చేశా. ట్యాంక్ నిండా పెట్రోల్, నీళ్ల ట్యాంక్ ఫుల్, గ్యాస్, సామాన్లు. అమ్మానాన్న బదులు నా ఇద్దరు రూమ్మేట్స్ వెనక కూర్చున్నారు. బిర్యానీ పెట్టిస్తానంటే వచ్చారు.

రిజల్ట్: ముందు యాక్సిల్ 1,090 కిలోలు. వెనక 1,270. మొత్తం 2,360. డోర్ దగ్గరి ప్లేట్ మీద రాసిన పరిమితికి కొంచెం కిందే ఉంది.

వెనక ఒక్కో టైర్ మీద సగటున 635 కిలోలు. కిచెన్, ఫ్రిజ్ మొత్తం ఎడమ వైపే ఉన్నాయి కాబట్టి ఆ వైపు ఇంకా ఎక్కువే పడుతుంది. నేను కొనబోయిన టైర్ లెక్క ప్రకారం మోయగలిగేది 609. అంటే పార్కింగ్‌లో నిలబడి ఉన్నప్పుడే అది ఓవర్‌లోడ్. ఇక జులై ఎండలో, హైవే మీద, గంటల తరబడి? టైర్ ఓవర్‌లోడ్ అయితే పక్క గోడ ఎక్కువ వంగుతుంది, వంగితే వేడెక్కుతుంది, వేడెక్కితే పేలుతుంది. బయానా పంపలేదు.

ఐదు ఆప్షన్లు, ఒకే టెస్ట్

అప్పుడు ఫోన్లు పోల్చినట్టే ఒక షీట్ తయారు చేశా. ఈసారి మొదటి కాలమ్ లోడ్, రెండోది వ్యాసం. అందం చివరి కాలమ్.

185 ఆర్14సి, ఇండెక్స్ 102: 850 కిలోలు, వ్యాసం 650 మి.మీ. ఒరిజినల్ సైజు. అన్నీ కరెక్టే, దొరకడమే కష్టం.

205/65 ఆర్15సి, ఇండెక్స్ 102: 850 కిలోలు, 648 మి.మీ. వ్యాసం దాదాపు ఒరిజినలే.

205/65 ఆర్16సి, ఇండెక్స్ 107: 975 కిలోలు, 673 మి.మీ. లోడ్ అదుర్స్, వ్యాసం 3.5 శాతం పెరుగుతుంది.

225/50 ఆర్17, ఇండెక్స్ 94: 670, భాగిస్తే 609 కిలోలు. 657 మి.మీ. ఫెయిల్.

225/55 ఆర్17 ఎక్స్‌ఎల్, ఇండెక్స్ 101: 825, భాగిస్తే 750 కిలోలు. 679 మి.మీ. లోడ్ పాస్, వ్యాసం 4.5 శాతం పెరుగుతుంది.

ఇక్కడ గమనించండి. 17 అంగుళాలు అనగానే బలహీనం అని కాదు. ఒకే రిమ్ సైజులో 94 ఉంది, 101 కూడా ఉంది. రెండు ఫోన్లూ 6.7 అంగుళాల స్క్రీనే, లోపల చిప్ వేరు. అంగుళాలు చూసి ఏదీ తేల్చలేం.

పెద్ద టైర్, చిన్న ఇంజిన్

మరి చివరి ఆప్షన్ తీసుకోవచ్చుగా, లోడ్ పాసైంది, లుక్ కూడా ఉంది అని మీకు డౌట్ రావచ్చు. ఇక్కడే ఆ 95 హార్స్‌పవర్ లెక్క.

టైర్ వ్యాసం పెరిగితే ఒక్క చుట్టుకి బండి ఎక్కువ దూరం వెళ్తుంది. సమతలం మీద ఇంజిన్ తక్కువ తిరుగుతుంది, సౌండ్ తగ్గుతుంది. బాగానే ఉంటుంది. కానీ ఘాట్ ఎక్కేటప్పుడు అదే సమస్య. ప్రతి గేర్ కొంచెం పై గేర్ లాగా మారిపోతుంది. సైకిల్ మీద ఎత్తు ఎక్కుతూ పెద్ద గేర్‌లో తొక్కినట్టు. పవర్ మిగులు ఉన్న బండికి 4.5 శాతం లెక్కలోది కాదు. నా వ్యాన్ ఇప్పటికే ఎత్తుల్లో మూడో గేర్‌లో గంటకి 70 కిలోమీటర్లతో ఈడుస్తుంది. అది రెండో గేర్‌కి పడిపోతే వెనక లారీల హారన్లే. బ్రేకుల మీద కూడా ఇదే ప్రభావం. టైర్ ఎంత పెద్దదైతే దాన్ని ఆపడానికి అంత ఎక్కువ బలం కావాలి. బ్రేకులు మాత్రం 1987వే.

ఇంకోటి స్పీడోమీటర్. వానగన్‌లో స్పీడోమీటర్ కేబుల్ నేరుగా ముందు ఎడమ చక్రం నుంచే వస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో మార్చే సీనేమీ లేదు. టైర్ 4.5 శాతం పెరిగితే మీటర్‌లో 60 మైళ్లు చూపించినప్పుడు నిజానికి 62.7లో వెళ్తుంటాం. మీటర్ తక్కువ చూపిస్తుంది, పోలీసు రాడార్ మాత్రం కరెక్ట్‌గానే చూపిస్తుంది.

అందుకే 15 అంగుళాలకి ఫిక్సయ్యా. పెద్ద వీల్స్ కావాలని బయల్దేరి, ఒక్కటంటే ఒక్క అంగుళం పెంచుకున్నా. కానీ ఆ ఒక్క అంగుళంతో నా అసలు సమస్య తీరిపోయింది. ఈ సైజులో వ్యాన్ టైర్లు మూడు నాలుగు కంపెనీలవి దొరుకుతున్నాయి.

రిమ్ కూడా బరువు మోయాలి

టైర్ తేలింది, ఇక రిమ్. ఇందులో ఐదు చెక్స్ ఉన్నాయి. ఒక్కటి ఫెయిలైనా కొనకూడదు.

మొదటిది, బోల్టుల వృత్తం. వానగన్‌కి ఐదు బోల్టులు, 112 మి.మీ. వృత్తం. పాత మెర్సిడెస్, చాలా ఆడి కార్లవి కూడా ఇదే కొలత. అందుకే వాటి రిమ్స్ "డైరెక్ట్ ఫిట్" అని చౌకగా అమ్ముతుంటారు.

రెండోది, మధ్య రంధ్రం. వానగన్ హబ్ సుమారు 66.6 మి.మీ. మెర్సిడెస్‌ది సరిగ్గా కూర్చుంటుంది. పాత ఆడి రిమ్స్‌ది 57.1, కాబట్టి బోరింగ్ చేయించకుండా ఎక్కవు.

మూడోది, ఆఫ్‌సెట్. రిమ్ మధ్య గీత నుంచి హబ్‌కి ఆనే ప్లేట్ ఎంత బయటికి ఉందో చెప్పే కొలత, ఈటీ అని రాస్తారు. నంబర్ పెరిగేకొద్దీ చక్రం లోపలికి పోతుంది. ఒరిజినల్ స్టీల్ రిమ్ ఈటీ39. నాకు 90ల నాటి సెడాన్ రిమ్స్ 200 డాలర్లకి దొరికాయి, అవి ఈటీ49. లెక్కేస్తే 205 టైర్ పాతదానికంటే 20 మి.మీ. లోపలికి వెళ్తుంది. లోపల సస్పెన్షన్ భాగాలుంటాయి. ఈటీ35 రిమ్ అయితే లోపలికి 6, బయటికి 14 మి.మీ. మాత్రమే. బండి కింద పడుకుని స్కేల్‌తో కొలిస్తే ఆ రెండు వైపులా ఖాళీ ఉంది.

నాలుగోది, బోల్టు కూర్చునే చోటు. ఇది ఎవరూ చెప్పరు. వోక్స్‌వ్యాగన్ స్టీల్ రిమ్‌లో బోల్టు తల కింద భాగం బంతిలా గుండ్రంగా ఉంటుంది. మార్కెట్లో దొరికే అలాయ్స్‌కి చాలావరకు శంకువు ఆకారం. ఒకదానికి ఇంకోటి వేస్తే బిగుసుకున్నట్టే అనిపిస్తుంది, కానీ ఆనేది సన్నటి గీత మీద మాత్రమే. తిరిగి తిరిగి వదులైపోతుంది. పైగా ఆ పాత సెడాన్ రిమ్స్ 12 మి.మీ. బోల్టుల కోసం చేసినవి, వానగన్‌వి 14 మి.మీ. "డైరెక్ట్ ఫిట్" అంటే ఇదన్నమాట!

ఐదోది, రిమ్ లోడ్ రేటింగ్. టైర్‌కే కాదు, రిమ్‌కీ పరిమితి ఉంటుంది. చాలా రిమ్స్‌కి వెనక వైపు పోతపోసి ఉంటుంది, లేదంటే తయారీదారుని అడగాలి. సెడాన్ రిమ్ సెడాన్ బరువు కోసం డిజైన్ చేసింది. 850 కిలోల టైర్‌ని తక్కువ లోడ్ రిమ్‌కి ఎక్కిస్తే, ఫాస్ట్ ఛార్జర్‌కి నాసిరకం కేబుల్ తగిలించినట్టే. గొలుసులో బలహీనమైన లింకే లెక్క.

కొన్నదేంటి, ఖర్చెంత

చివరికి వ్యాన్ల కోసమే చేసిన కొత్త అలాయ్స్ కొన్నా. 15 అంగుళాలు, వెడల్పు 7, ఈటీ35, ఒక్కో రిమ్ 815 కిలోలు మోస్తుంది. 205/65 టైర్‌కి 5.5 నుంచి 7.5 అంగుళాల వెడల్పు రిమ్ వాడొచ్చు కాబట్టి ఓకే. రిమ్స్, టైర్లు, శంకువు బోల్టులు, బిగింపు, బ్యాలెన్సింగ్ అన్నీ కలిపి దాదాపు 1,300 డాలర్లు. మన రూపాయల్లో లక్ష దాటింది. 450తో అయిపోవాల్సింది మూడు రెట్లయింది. బాధగానే ఉంది, అబద్ధం చెప్పను. ఆ నెల కొత్త ఫోన్ ప్లాన్ క్యాన్సిల్.

షాపులో రెండు విషయాలు గట్టిగా అడిగా. టైర్ల డాట్ కోడ్ చూపించమన్నా, నాలుగూ అదే ఏడాదివి వచ్చాయి. మామూలు రబ్బరు వాల్వ్ బదులు మెటల్ వాల్వ్ వేయమన్నా. వ్యాన్ టైర్లలో గాలి ఎక్కువ ఉంటుంది, పైగా నేను వాల్వ్ మీద సెన్సర్ పెట్టబోతున్నా. ఆ బరువుకి రబ్బరు వాల్వ్ వేగంలో ఊగి పగిలే ప్రమాదం ఉంది.

బోల్టులు టార్క్ రెంచ్‌తో బిగించి, 80 కిలోమీటర్లు నడిపాక మళ్లీ చెక్ చేశా. ఒకటి కొంచెం తిరిగింది. అందుకే ఈ స్టెప్ వదలొద్దు.

స్టెప్నీ విషయంలో మాత్రం కలిసొచ్చింది. ముందు భాగం కింద ఉండే ట్రేలో స్టెప్నీ ఉంటుంది. వ్యాసం దాదాపు అంతే కాబట్టి పాత 14 అంగుళాల స్టీల్ రిమ్‌నే స్టెప్నీగా ఉంచుకోవచ్చు. షాపువాళ్లు చెప్పిన ఆ ఒక్క మోడల్ నెల తర్వాత స్టాక్ వస్తే ఒక్క టైర్ మాత్రం దానికి వేయించా. కానీ దానికి గుండ్రటి బోల్టులే కావాలి. పాత బోల్టులు ఐదు ఒక కవర్లో కట్టి స్టెప్నీతోనే పెట్టా.

ఇక గ్యాడ్జెట్ సెక్షన్

ఇది లేకపోతే మీరు ఊరుకోరని తెలుసు. వాల్వ్ క్యాప్ స్థానంలో బిగించే బ్లూటూత్ ప్రెషర్ సెన్సర్లు నాలుగు కొన్నా. ఫోన్ యాప్‌లో ఒక్కో టైర్ గాలి, వేడి కనిపిస్తాయి. డిజిటల్ గేజ్‌తో పోలిస్తే ఒక పీఎస్‌ఐ అటూ ఇటూ, అంతే.

ఎంత గాలి పెట్టాలో టైర్ కంపెనీ లోడ్ టేబుల్ చూసి, నా యాక్సిల్ బరువులకి తగ్గట్టు ముందు 42, వెనక 50 పీఎస్‌ఐ పెట్టా. ఇవి కాపీ కొట్టకండి, నా బరువుకి నా టైర్‌కి వచ్చిన నంబర్లు. సైజు మారితే పాత స్టిక్కర్ మీద ఉన్న గాలి లెక్క పనిచేయదు. గాలి చెక్ చేసేది కూడా ఎప్పుడూ పొద్దున్నే, టైర్ చల్లగా ఉన్నప్పుడే.

450 కిలోమీటర్ల రియల్ టెస్ట్

జులైలో బయల్దేరాం. హిల్స్‌బరో నుంచి హైవే 26 మీదుగా మౌంట్ హుడ్ ఎక్కి, గవర్నమెంట్ క్యాంప్, మాడ్రస్ దాటి బెండ్, అక్కడి నుంచి హైవే 97 మీద దక్షిణానికి. క్రేటర్ లేక్ దాకా దాదాపు 450 కిలోమీటర్లు.

మౌంట్ హుడ్ ఎక్కేటప్పుడు మూడో గేర్‌లోనే ఎక్కింది, పాత టైర్లతో ఎలా ఎక్కేదో అలాగే. అదే నాకు కావాల్సింది. జీపీఎస్‌తో చూస్తే మీటర్ 60 మైళ్లు చూపించినప్పుడు నిజం 58, ముందు కూడా అంతే. పెద్ద తేడా గాలి వీచేచోట తెలిసింది. ఈ వ్యాన్ గోడలాగా నిటారుగా ఉంటుంది, పక్క గాలికి పాత టైర్ల మీద ఊగిపోయేది. కొత్తవాటికి పక్క గోడ గట్టిగా, కొంచెం పొట్టిగా ఉండటంతో స్టీరింగ్ తిప్పగానే బండి వింటోంది. దానికి మూల్యం కూడా ఉంది. చిన్న చిన్న గతుకులన్నీ వీపుకి తెలుస్తాయి. అమ్మ రెండుసార్లు అంది, "ఎర్రబస్సే నయం కదరా" అని.

బెండ్‌లో రాత్రి ఆగాం. పొద్దున యాప్ తీస్తే వెనక ఎడమ టైర్ 50 ఉండాల్సింది 44 చూపిస్తోంది. సెన్సర్ బగ్గేమో అనుకుని యాప్ రీస్టార్ట్ చేస్తున్నా. నాన్న ఈలోపు గిన్నెలు తోమే లిక్విడ్ నీళ్లలో కలిపి తెచ్చి వాల్వ్ మీద పోశారు. బుడగలు! లోపలి పిన్ను సరిగ్గా బిగలేదు. సెన్సర్ తీసి పిన్ను బిగించి గాలి పట్టించేసరికి సరిపోయింది. ఎక్కువ బరువు పడేది ఆ టైర్ మీదే. యాప్ లేకపోతే మేం చూసుకోకుండా బయల్దేరేవాళ్లం. నాన్న లేకపోతే నేను యాప్‌ని తిడుతూ బయల్దేరేవాణ్ణి.

వెర్డిక్ట్

నచ్చినవి: లోడ్ విషయంలో కావాల్సినంత మార్జిన్, గాలిలో స్థిరత్వం, గేర్లు, మీటర్ మారకపోవడం, పాత స్టెప్నీ పనికిరావడం, రేపు టైర్ పాడైతే సులువుగా దొరకడం.

నచ్చనివి: గతుకుల్లో గట్టిదనం, ఖర్చు, 17 అంగుళాల లుక్ లేకపోవడం. మూడోది ఫొటోల్లో మాత్రమే బాధిస్తుంది.

మీ కారుకి అలాయ్స్ మార్చేటప్పుడు కూడా ఇదే వరుస పాటించండి. ముందు డోర్ దగ్గర స్టిక్కర్ చూడండి, ఒరిజినల్ టైర్ లోడ్ ఇండెక్స్ రాసిపెట్టుకోండి. కొత్తది దానికి తగ్గకూడదు. వ్యాసం మూడు శాతం లోపు తేడాలో ఉంచండి. తర్వాత బోల్టుల వృత్తం, మధ్య రంధ్రం, ఆఫ్‌సెట్, బోల్టు ఆకారం, రిమ్ లోడ్. డాట్ కోడ్ చూడకుండా డబ్బులివ్వొద్దు, షాపులో మూలన పడి ఉన్న పాత స్టాక్ కొత్తదిగా అంటగట్టొచ్చు. ఇన్సూరెన్స్, వారంటీ కండిషన్లు కూడా ఒకసారి చదవండి. రంగు, స్పోక్స్ డిజైన్ వీటన్నిటి తర్వాతే.

ఇంత చేయలేం అనుకుంటే కనీసం ఇప్పుడే కిందికి వెళ్లి, మీ బండి టైర్ మీద ఆ చివరి నాలుగు అంకెలు చూసి రండి. బైక్ అయినా సరే. రెండు నిమిషాల పని.